బీరతీగకు కట్టిన జరీ

హిందూపురంలో నేను అద్దెకుంటున్న ఇంటి వెనక సందులో ఒక ముసలాయన టీ అంగడి పెట్టాడు. గ్యాసు ధరకు భయపడో, పాత అలవాటు వదులుకోలేకో, ఆయన ఇప్పటికీ శెనక్కాయ పొట్టుతోనే పొయ్యి మండిస్తాడు. పొద్దున్నే కిటికీ తెరవగానే ఆ పొగ లోపలికి వస్తుంది. కొంచెం కమ్మగా, కొంచెం ఘాటుగా, వేగిన గింజా కాలిన కాగితమూ కలిసినట్టుండే వాసన. పక్కింటివాళ్ళు విసుక్కుంటూ కిటికీలు మూసుకుంటారు. నేను మాత్రం రెండు రెక్కలూ బార్లా తెరిచి కాసేపు అక్కడే నిలబడతాను. ఆ వాసన ముక్కుకు తగిలిందంటే నేను హిందూపురంలో ఉండను. ధర్మవరంలో, మా మగ్గాల వీధి చివర, రేకుల కప్పున్న ఇంటి వాకిట్లో, చంకలో ఒక బిడ్డ, కొంగు పట్టుకుని ఇంకో బిడ్డతో నిలబడి ఉంటాను.

ఆ ఇల్లు మాబమ్మత్తది. అసలు పేరు మహబూబ్‌బీ. వీధికంతా మాబమ్మ, పిల్లలకు అవ్వ, నాకు అత్త. మేము మగ్గం నేసేవాళ్ళం, వాళ్ళు సైకిళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు. దేవుళ్ళు వేరైనా వరసలు కలుపుకోవడానికి మా వీధిలో ఎవరూ వెనకాడేవారు కాదు. ఊళ్ళోకి మోపెడ్లు వచ్చాక ఆమె భర్త దస్తగిరి మామను సైకిలు అడిగేవాళ్ళు తగ్గిపోయి, పంచర్లు వేయడమొక్కటే మిగిలింది. అప్పుడే మాబమ్మత్త తన వాకిలి పిల్లలకు తెరిచింది. మగ్గమున్న ఇంట్లో పాకే బిడ్డ ఉంటే ఎంత కష్టమో నేసేవాళ్ళకే తెలుసు. తండ్రి మగ్గం గుంతలో కూర్చుని నేస్తుంటాడు, తల్లి రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటుంది. బిడ్డ పోయి మగ్గానికి సాగదీసిన పడుగులో నాలుగు పోగులు పట్టి లాగాడంటే వాటిని అతుక్కునేసరికి పూట గడిచిపోతుంది. అందుకని తల్లులు పొద్దున్నే బిడ్డల్ని తెచ్చి ఆమె దగ్గర వదిలి, పొద్దు వాలాక తీసుకుపోయేవారు. ఆ ఏర్పాటుకు పేరంటూ ఏమీ లేదు. "అవ్వింట్లో వదిలొస్తా" అనేవాళ్ళు, అంతే.

వాళ్ళు వారానికోసారి ఇచ్చేది చాలా తక్కువ. ఎక్కువ ఇవ్వడానికి వాళ్ళ దగ్గరా లేదు. ఆ కాస్తలోనే పిల్లలకు మధ్యాహ్నం సంగటి, సాయంత్రం బొరుగులు, చంటివాళ్ళకు పాలు, ఆపైన తన సంసారం. మాబమ్మత్త పొదుపంతా అక్కడ పుట్టింది. నేను ఇంటర్ అయిపోయి, ఇంట్లో గోడకానుకుని చేతికందిన కాగితమల్లా చదువుకుంటూ ఉండేదాన్ని. కొత్తవాళ్ళు వస్తే వంటింట్లోకి పోయి దాక్కునేదాన్ని. మా నాయన ఒకరోజు మగ్గంలోంచే తల తిప్పి అన్నాడు. "పద్మా, గోడతో ఎంతసేపు మాట్లాడతావు? మాబమ్మకు చెయ్యి సాయం కావల్లంట. ఆడికి పో. పిల్లోళ్ళయితే నిన్ను చూసి నవ్వరు, నువ్వు వాళ్ళను చూసి భయపడవు."

మొదటిరోజు ఆమె నాకు నేర్పింది పొయ్యి కూరడం. పాత రేకు డబ్బాకు కింద ఒక రంధ్రం ఉంటుంది. మధ్యలో ఖాళీ సీసా నిలబెట్టి, చుట్టూ శెనక్కాయ పొట్టు పోసి, గుద్ది గుద్ది గట్టిగా కూరాలి. తర్వాత సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగితే మధ్యలో గొట్టంలా దారి మిగులుతుంది. కింద నిప్పు పెడితే సంగటి ఉడికి, పప్పు ఉడికి, నీళ్ళు కాగేదాకా మండుతుంది. బత్తలపల్లి దారిలో ఉన్న మిల్లువాళ్ళు పొట్టు ఊరికే ఇచ్చేవారు. దస్తగిరి మామ సైకిలు మీద మూట కట్టుకొచ్చేవాడు. నేను సీసా లాగగానే పొట్టంతా కుప్పకూలింది. రెండోసారీ కూలింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మాబమ్మత్త పక్కన కూర్చుని పకపకా నవ్వింది.

"ఏమే, పొట్టుతో కూడా గమ్మునుంటే ఎట్ల? దాన్ని తిట్టుకుంటా గుద్దల్ల. నీకు ఎవురి మీద కోపముండాదో వాళ్ళని తల్చుకో."

"నాకెవరి మీదా కోపం లేదత్తా."

"అయ్యో, అయితే నీకీ జన్మలో పొయ్యి రాదు పో. ఇట్ల తే, నాకు శానామంది ఉండారు" అని డబ్బా లాక్కుని, ఒక్కో గుద్దుకు ఒక్కో పేరు చెబుతూ కూరింది. పాలవాడు, కరెంటు బిల్లు తెచ్చేవాడు, తన ఆడబిడ్డ, చివరగా దస్తగిరి మామ. మామ వాకిట్లో ట్యూబు అతికిస్తూ తల ఎత్తకుండానే, "నన్ను రెండు మాట్లు గుద్దినావు, విన్యా" అన్నాడు.

ఒక బిందె నీళ్ళు మాబమ్మత్త ఇంట్లో నాలుగు జన్మలెత్తేవి. మొదట బియ్యం కడిగేవి, ఆ కడుగు పిల్లల కాళ్ళు కడిగేది, కాళ్ళు కడిగినవి బండలు కడిగేవి, బండల మీదివి చీపురుతో నెట్టుకుంటూ పోయి బీరతీగ పాదులో పడేవి. మామ దగ్గర పనికిరాని సైకిలు ట్యూబులు ముక్కలై తలుపు రెక్కలకు మెత్తలయ్యేవి, పిల్లల వేళ్ళు నలగకుండా. పాత చీరలతో కట్టిన ఉయ్యాలలన్నిటినీ ఒకదానికొకటి తాడుతో ముడేసి, ఆ తాడు కొస తన కాలి బొటనవేలికి చుట్టుకునేది. చేతులు కూరగాయలు తరుగుతుంటే కాలు ఊపేది, వరసగా అన్ని ఉయ్యాలలూ ఊగేవి. "మీ నాయన మగ్గం తొక్కితే చీర వస్తాది, నేను తొక్కితే నిద్ర వస్తాది" అనేది. ఇక దారం సంగతి చెప్పనక్కర్లేదు. నేసే ఇళ్ళల్లో తెగిన పోగులు, చిక్కుపడిన పట్టు, నల్లబడిన జరీ ముక్కలు ఎప్పుడూ ఉంటాయి. ఊడ్చి పారేసేవే అవి. వాటిని పారేయనిచ్చేది కాదు. "ఏ దారమైనా పారేయొద్దండి, బిడ్డ చేతికిచ్చి పంపండి" అని తల్లులందరికీ చెప్పి పెట్టింది. ఆ పోగులు పేనితే ఉయ్యాల తాడు, కుడితే బొంత, ముడేస్తే తీగలకు కట్టు.

కానీ ఆ పొదుపుకొక హద్దుండేది. నేను చేరిన కొత్తల్లో ఒకామె వచ్చి, పాలల్లో కాసిన్ని నీళ్ళు కలిపితే ఇంకో ఇద్దరు పిల్లలకు సరిపోతాయి కదా అని సలహా చెప్పింది. మాబమ్మత్త మొహం అంత ఎర్రగా కావడం నేను చూడటం అదే మొదటిసారి. "పిల్లోళ్ళ గిన్నెలో చెయ్యి పెట్టి మిగిలించేది పొదుపు కాదమ్మే, దొంగతనం" అంది. పొదుపంతా తన కంచంలోనే చేసుకునేది. పిల్లలు తిన్నాక గిన్నె అడుగున మిగిలిన మాడు గీరుకుని, ఊరిబిండి పచ్చడి నంజుకుని తినేది. ఆ మాట ఆ రోజే నా డైరీలో రాసుకున్నాను. నేను డైరీ రాస్తానని ఆమెకొక్కదానికే తెలుసు. "ఏం రాస్తాండావో గానీ, తెల్లకాయితం దండగ చేయొద్దు" అని క్యాలెండరు కాగితాలు, పెళ్ళిపత్రికల వెనకవైపులు దాచి ఇచ్చేది.

అంగడి నుంచి వచ్చిన పొట్లాల కాగితాలు కూడా నాకోసం విప్పి, అరచేత్తో సాపు చేసి, చాప కింద పెట్టేది. పిల్లలు నిద్రపోయాక నేను అవి చదివి వినిపించాలి. సగం కథలే ఉండేవి. ఒక పొట్లంలో ఒక నవల నడిమి పుట, ఇంకో దాంట్లో వంటల పుట. ఒకసారి చక్కెర పొట్లంలో ఒక అమ్మాయి రైలు దిగి, తనకోసం ఎవరూ రాలేదని గ్రహించి, పెట్టె మీద కూర్చుని ఏడవబోతోంది. అంతటితో కాగితం అయిపోయింది.

"ఆ తర్వాత?" అంది మాబమ్మత్త.

"అంతే ఉందత్తా. మిగతా పుట ఇంకెవరి ఇంటికో పోయింటాది."

"అదెట్ల? పిల్లని ఆడ్నే కూర్చోబెట్టి పోతే ఎట్ల? ముందు దానికి ఎవురైనా నీళ్ళియ్యండి." మిగతా కథ తనే మొదలుపెట్టింది. ఆ స్టేషన్లో ఒక ముసలామె మామిడికాయ ముక్కలు అమ్ముతోందట, ఆమెకు మనుషులు కావాలట, ఈ పిల్లను ఇంటికి తీసుకుపోయిందట. అలా పొట్లాల కథలన్నిటికీ ఆమె ముగింపులు చెప్పేది. ఆ ముగింపుల్లో ఎవరూ ఆకలితో పడుకునేవారు కాదు.

ఏడాదికోసారి వేసవిలో ఇద్దరం హిందూపురం వచ్చేవాళ్ళం, బెల్లానికీ చింతపండుకూ. మామ పిల్లల్ని చూసుకునేవాడు, అంటే ఆ ఒక్క పూట పిల్లలు మామను చూసుకునేవారు. ప్యాసింజరు బండిలో పోయేవాళ్ళం. పెనుకొండలో మాబమ్మత్త అక్క కాసింబీ ఉండేది. ఆమె ఇంటి వెనక చింతచెట్టు ఉంది. తిరుగుప్రయాణంలో బండి పెనుకొండలో ఆగగానే కాసింబీ చింతపండు మూటతో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉండేది. మేము దిగితే మళ్ళీ టిక్కెట్టు దండగ కాబట్టి కిటికీలోంచే అందుకోవాలి. మూటేమో పెద్దది, కిటికీకేమో కమ్మీలు. ఆ అక్కాచెల్లెళ్ళిద్దరూ కమ్మీల మధ్యనుంచి చింతపండును పిడికెళ్ళతో అందించుకుంటూ, మధ్యలో ఏడాది కబుర్లన్నీ చెప్పుకుంటూ, బండి కదిలాక ఒకరు లోపల, ఒకరు బయట పరుగెత్తుతూ అరుచుకునేవారు. "గింజలు తీసినావా?" "తీసినా! నీ మొగుడు దగ్గుతాండాడా?" "దగ్గుతాండాడు! శానా బాగుండాడు!" పెట్టెలోవాళ్ళంతా నవ్వేవాళ్ళు. నేను సిగ్గుతో తల దించుకుని ఒళ్ళో చింతపండు ఏరుకునేదాన్ని.

హిందూపురం బజారులో ఆమె కన్నడంలోకి మారిపోయేది. మూటల అడుగున రాలిన బెల్లం పొడి ముందు నిలబడి, "ఎష్టప్పా?" అని అడిగి, ధర వినగానే అంత ఎక్కువా అన్నట్టు గుండె పట్టుకునేది. "జాస్తి ఆయ్తు! కమ్మి మాడప్పా. దుడ్లు ఏమైనా మా ఇంట్లో బీరతీగకు కాస్తాండాయా?" అంగడాయన నవ్వితే సగం బేరం అయిపోయినట్టే. నన్ను ముందుకు నెట్టి, "చూడు, ఈ పిల్ల కాలేజీ చదివింది, నీ తూకం చూస్తాది" అనేది. నేను వెళ్ళి ఆమె వెనక దాక్కునేదాన్ని.

ఇంత తెలివైన మనిషి ఒక్కచోట మాత్రం తప్పు చేసింది. ఆమెకు దగ్గరి చూపు తగ్గింది. బియ్యంలో రాళ్ళు ఏరాలంటే చేట చెయ్యి చాపినంత దూరం పెట్టుకునేది. సూదిలో దారం నేనే ఎక్కించాలి. మామ అద్దాలు కొనుక్కోమని పోరు పెట్టేవాడు. "బిడ్డలు కనపడతాండారు, పొయ్యి కనపడతాండాది, నీ మొగము కొంచెం మసకగా ఉండాది, అది మంచిదే" అనేది. అద్దాలకు పెట్టే డబ్బుతో పిల్లలకు ఇన్ని రోజుల పాలు వస్తాయని లెక్క చెప్పి ఆయన నోరు మూయించేది.

ఒక ఎండాకాలం శుక్రవారం మధ్యాహ్నం లక్ష్మిదేవక్క ఏడుస్తూ వాకిట్లోకి వచ్చింది. ఆమె మాకు నాలుగిళ్ళ అవతల ఉండేది, మొగుడూ పెళ్ళాలిద్దరూ షావుకారుకు కూలికి నేసేవారు. వాళ్ళ చిన్నోడు మూడేళ్ళవాడు, మాబమ్మత్త ప్రాణం. షావుకారు పట్టునూ జరీనీ తూచి ఇస్తాడు. చీర నేసి ఇచ్చాక మిగిలినది మళ్ళీ తూచుకుంటాడు. ఆ రోజు జరీ తక్కువ వచ్చింది, నిండు కండె ఒకటి. ఇల్లంతా వెతికినా దొరకలేదు. "ఎవురికి అమ్మినావు?" అని నలుగురిలో అడిగాడట. జరీ సంగతి తేలేదాకా కొత్త పడుగు ఇవ్వనన్నాడట. పడుగు లేదంటే మగ్గం లేదు, మగ్గం లేదంటే పొయ్యి లేదు.

అంతకన్నా పెద్ద సంగతి సాయంత్రానికి తెలిసింది. మాబమ్మ దారాలన్నీ పోగేస్తుందని వీధి అంతటికీ తెలుసు కదా. పిల్లల చేత జరీ తెప్పించుకుని కొంటోందేమోనని ఎవరో అన్నారు. మర్నాడు ఇద్దరు తల్లులు బిడ్డల్ని తీసుకురాలేదు. ఆదివారం నాటికి సగం ఉయ్యాలలు ఖాళీగా వేలాడాయి. మాబమ్మత్త ఎప్పట్లాగే పొయ్యి కూరింది గానీ ఎవరి పేరూ చెప్పలేదు. "మాట పోయిన ఇంట్లో బిడ్డను ఎవురు పడుకోబెడతారులే" అని మాత్రం అంది.

సోమవారం పొద్దున పప్పులోకి బీరకాయలు కోయడానికి పందిరి దగ్గరికి పోయాను. ఒక పెద్ద ఆకు పక్కకు తొలగించేసరికి లోపల ఏదో తళుక్కుమంది. వంగి చూశాను. తీగను పందిరి గుంజకు దారంతో కట్టి ఉంది. కింద ఒక కట్టు, పైన ఇంకోటి, ఆ పైన ఇంకోటి, పందిరంతా. తీగ నులితీగలు ఆ దారం చుట్టూ మెలికలు తిరిగి పట్టుకున్నాయి, ఒకచోట కట్టు మీదుగా పువ్వు పూసింది. ఎండ పడితే ఒక్కో ముడీ పెళ్ళికూతురి కొంగులా మెరుస్తోంది. అది నిఖార్సైన కొత్త జరీ. నేసేవాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

లోపలికి పరుగెత్తి మాబమ్మత్త చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. లక్ష్మిదేవక్క కూడా అప్పుడే చిన్నోణ్ణి తీసుకుని వచ్చింది, ఆమె మాత్రం బిడ్డను తేవడం మానలేదు. "చిన్నోడా, ఈ దారం ఎవరు తెచ్చినార్రా?" అని అడిగాను. వాడు గుండె మీద చెయ్యి కొట్టుకుని గర్వంగా, "నేనే! అవ్వ దారం పారేయొద్దన్నింది. మా ఇంట్లో గంపలో ఉండె. తెచ్చినా" అన్నాడు.

మాబమ్మత్త పాదు పక్కన చతికిలబడిపోయింది. పది రోజుల కిందట వాడు కండె తెచ్చి చేతిలో పెడితే, ఎప్పట్లాగే నల్లబడిన పాత జరీ అనుకుని, వాడికి ముద్దిచ్చి, గాలికి ఊగుతున్న తీగనంతా దాంతో కట్టేసింది. మసక కళ్ళకు దారం దారమే. "అయ్యో, నా చేతులారా నీ పని పోగొడితినే లక్ష్మీ" అని లేచి, ముడులు విప్పబోయింది. "బిరీన పట్టండి, అంతా విప్పి చుట్టి ఇచ్చేద్దాం."

"వద్దత్తా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "విప్పొద్దు. విప్పి చుట్టి ఇస్తే, కొన్న జరీ భయపడి తిరిగిచ్చినారంటారు. ఇట్లనే ఉండనీ. తీగ దీన్ని ఎట్ల పట్టుకోనుండాదో ఆయనే వచ్చి చూడనీ."

ఇద్దరూ నన్ను చూశారు. మాబమ్మత్త మెల్లగా అంది. "నిజమే. కానీ ఆయన్ని పిలిచేదెవురు? నేను పోతే కొన్నది వచ్చిందంటారు. లక్ష్మి పోతే అమ్మింది వచ్చిందంటారు." ఇద్దరి చూపులూ నా మీద నిలిచాయి. చిన్నోడు కూడా నన్నే చూస్తున్నాడు.

షావుకారు అంగడిదాకా ఏమేం చెప్పాలో వరసగా మనసులో కూర్చుకున్నాను. తెల్లటి పరుపు మీద చీరలు విప్పుతూ మడుస్తూ అంతా మగవాళ్ళు. మెట్టు మీద కాలు పెట్టగానే కూర్చుకున్నదంతా ఎగిరిపోయింది.

"ఏం కావల్లమ్మా?"

"పెద్దనాయనా, మీ జరీ దొరికింది. బీరతీగకుండాది."

"దేనికుండాది?"

"బీరతీగకు."

పరుపు మీద వాళ్ళంతా గొల్లున నవ్వారు. షావుకారు అద్దాలు సర్దుకుని, "ఎవురి పాపవు నువ్వు?" అన్నాడు. ఎర్రిస్వామి కూతురినన్నాను. "ఎర్రిస్వామికి మాట్లాడే కూతురు కూడా ఉండాదా?" అన్నాడొకాయన. మళ్ళీ నవ్వు. మామూలుగా అయితే నేను అక్కడినుంచి పారిపోయేదాన్ని. కానీ ఖాళీ ఉయ్యాలలు కళ్ళ ముందు కదిలాయి. "నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ ఒక్కసారి వచ్చి చూసి నవ్వండి. ఆ ఇంట్లో జరీ కొనలేదు, ఈ ఇంట్లో అమ్మలేదు. మీరొచ్చి చూడకుంటే రెండిండ్లు పోతాయి" అన్నాను. షావుకారు నవ్వడం ఆపి, మోపెడు తాళం తీసుకున్నాడు.

పందిరి కింద ఆయన చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. ఒక నులితీగను వేలితో మెల్లగా తాకి, అది జరీని ఎన్ని మెలికలు తిప్పి పట్టుకుందో చూశాడు. వీధివాళ్ళు, బిడ్డల్ని మానిపించిన తల్లులతో సహా, గోడ మీదుగా తొంగి చూస్తున్నారు. చిన్నోడు ఆయన పక్కనే కూర్చుని, "దారం బాగుండాదా తాతా? ఇంగా కావల్లంటే తెస్తా" అన్నాడు. అప్పుడు షావుకారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇన్నేండ్లుగా జరీ అమ్ముతాండా. చీరకు చూసినా, దేవుని శేషవస్త్రానికి చూసినా. బీరకాయకు కట్టింది ఇదే చూసేది!"

మాబమ్మత్త చేతులు కట్టుకుని, మసక కళ్ళకు అది పాత జరీలా కనిపించిందని చెప్పి, పాడైన జరీ ఖర్చంతా తనదేనంది. ఆయన తన అద్దాలు తీసి ఆమె చేతికిచ్చాడు. "పెట్టుకోని చూడు." ఆమె అనుమానంగా పెట్టుకుని పందిరి వైపు తిరిగింది. "అల్లా! ఇంత మెరుస్తాండాదా ఇది!" చుట్టూ చూసింది. ఆకులు చూసింది, గోడ చూసింది, చిన్నోడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. "వీని రెప్పలు ఇంత పొడుగున్నాయా!"

"జరీ ఖర్చు సగం నాది, సగం నీది" అన్నాడు షావుకారు లేస్తూ. "అద్దాలు మాత్రం కొనుక్కో మాబమ్మా. నీ పొదుపు నాకు శానా ఖర్చయితాండాది." తర్వాత గోడ వైపు తిరిగి అందరికీ వినపడేలా, "లక్ష్మిదేవీ, రేపొచ్చి పడుగు తీసుకుపో" అన్నాడు.

మర్నాడు అన్ని ఉయ్యాలలూ నిండాయి. మాబమ్మత్త నాకు పిల్లల్ని అప్పగించి బజారుకు పోయింది. వచ్చేటప్పటికి ముక్కు మీద కొత్త అద్దాలు, నెత్తిన మామిడిపండ్ల గంప. ఆ ఇంట్లో పండు కొంటే ఒకటి కొనడం, దాన్ని అందరికీ పలచటి ముక్కలు కోయడం అలవాటు. నేను కత్తిపీట తేబోయాను.

"యాడికి?"

"కోసేదానికి."

"పెట్టు ఆడ. ఈ పొద్దు కోసేది లేదు. ఒక్కొక్కరికి ఒకటి. నీకొకటి, నాకొకటి. ఆ దస్తగిరికీ ఒకటియ్యి, రెండు మాట్లు గుద్దినా గదా."

పిల్లలకు నిండు పండు చేతిలోకి రావడం అదే మొదలు. ఏం చేయాలో తెలియక కాసేపు అలాగే పట్టుకుని చూశారు. తర్వాత చొక్కాలు విప్పి వాకిట్లో వదిలేశాం. మోచేతులదాకా, చెవులదాకా, పొట్టలదాకా రసం. టెంకలు చీకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను గంప వైపు చూసి, "ఇంత ఖర్చు ఎందుకత్తా?" అన్నాను. ఆమె గడ్డం మీది రసం తుడుచుకుంటూ అంది. "ఇన్నాళ్ళు దాచింది దేనికనుకున్యావు పిల్లా? ఇట్లాంటి రోజొకటి వస్తాదని. వచ్చినప్పుడు చెయ్యి ముడుచుకుంటే, అది పొదుపు కాదు, రోగం."

మాబమ్మత్త ఇప్పుడు లేదు. మామ పోయాక పెనుకొండలో అక్క దగ్గరికి చేరి, చివరిదాకా అక్కడి మనవళ్ళ రెప్పల పొడవు అద్దాలు పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. నేను హిందూపురంలో, రెడీమేడు బట్టలు కుట్టే ఆడవాళ్ళ పిల్లల్ని నా ఇంట్లో చూసుకుంటున్నాను. నీళ్ళు వృథా పోనివ్వను, లైటు అనవసరంగా వేయను, పాలల్లో మాత్రం చెయ్యి పెట్టను. కొత్త తల్లి ఎవరైనా గడప దగ్గర తటపటాయిస్తే నేనే ముందుకు పోయి పలకరిస్తాను. ఆ రోజు అంగడి మెట్టు మీద దొరికిన గొంతును ఆ తర్వాత ఎక్కడా పారేసుకోలేదు. ఖర్చులన్నీ రాసుకున్నాక ప్రతి నెలా కొంచెం పక్కన పెడతాను. దేనికని నన్ను నేను అడగను, వచ్చినప్పుడు తెలుస్తుంది.

పోయిన వారం అలాంటి రోజొకటి వచ్చింది. మడకశిర నుంచి వచ్చిన ఒకామె కూతురు, చేరిన నాటి నుంచీ గడప పట్టుకుని ఏడ్చే పిల్ల, పొద్దున తల్లి చెయ్యి తనే వదిలించుకుని లోపలికి నడిచి వచ్చింది. మధ్యాహ్నం బజారుకు పోయి తలా ఒక నిండు పండు తెచ్చాను. సాయంత్రం తల్లి వచ్చి, రసం అట్టలు కట్టిన కూతుర్ని చూసి నవ్వుతూ అడిగింది.

"ఏనక్కా, ఎవరి పుట్టినరోజు ఈ పొద్దు?"

"ఎవరిదీ కాదమ్మా" అన్నాను. "నీ కూతురు ఏడవకుండా లోపలికొచ్చింది."